మెడ దగ్గర మొదలుపెట్టి కిందికి: మల్కాజ్‌గిరి స్వెటర్ క్లాసు

క్రోషేతో, అంటే కొస వంగిన ఒకే ఒక్క హుక్కుతో, మన ఒంటి కొలతలకి స్వెటర్ అల్లుకోవడం నేర్పే క్లాసు ఇది. మల్కాజ్‌గిరిలో, మూడో అంతస్తులో, లిఫ్టు లేని అపార్ట్‌మెంట్‌లో. శనివారం మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా అంటారు గానీ ఐదింటికి లేచినవాళ్ళని నేను చూడలేదు. ఆరు వారాల కోర్సు, ఫీజు 3,500 రూపాయలు, బ్యాచ్‌కి ఆరుగురే. నూలు, హుక్కు మనమే తెచ్చుకోవాలి. నేర్పే మేడం రైల్వే అకౌంట్స్‌లో పనిచేసి రిటైరయ్యారు. "నా పేరూ నంబరూ ఎక్కడా పెట్టకమ్మా, నా హాల్లో ఆరు కుర్చీలే ఉన్నాయి" అన్నారు కాబట్టి పెట్టడం లేదు. మరి రివ్యూ ఎందుకంటారా? ఇలాంటి క్లాసు మీ దగ్గర్లో ఎక్కడైనా కనిపిస్తే డబ్బు కట్టే ముందు ఏం అడగాలో తెలుస్తుందని.

హైదరాబాద్‌లో స్వెటర్‌తో పనేంటి అని మా ఆడపడుచు నవ్వింది. ఆవిడ మా ఆఫీసులో ఏసీ కింద ఒక్క పూట కూర్చుంటే తెలిసేది. మే నెలలో కూడా నా కుర్చీకి ఒక శాలువా వేలాడుతూనే ఉంటుంది. రెడీమేడ్ స్వెటర్లతో నా గొడవ పాతదే. భుజాలకి సరిపోయింది తీసుకుంటే జబ్బల దగ్గర పట్టేస్తుంది. జబ్బలకి సరిపోయింది తీసుకుంటే భుజం కుట్టు మోచేతి వైపు జారిపోతుంది. చలికాలంలో వచ్చే టిబెటన్ల దుకాణాల్లో కూడా ఎల్, ఎక్సెల్ రెండూ వేసి చూసి, రెండూ మడిచి ఇచ్చేసి వచ్చేదాన్ని. పైగా అవి ఉన్నివో, అక్రిలిక్‌వో. మెట్రో దిగి ఎండలోకి రాగానే వాటిని ఒంటి మీద ఉంచుకోలేం. నాకు కావలసింది కాటన్‌ది, ముప్పావు చేతులది, జబ్బ దగ్గర ఊపిరాడేది.

అల్లిక నాకు కొత్త కాదు. అమ్మవాళ్ళది నరసాపురం. 1844 ప్రాంతంలో మిషనరీలు నేర్పారని చెప్పే లేసు పని మా వీధిలో ఇంటింటా ఉండేది. 2024లో ఆ లేసుకి జీఐ (ఫలానా ఊరి సరుకు అని చెప్పే భౌగోళిక) గుర్తింపు వచ్చినప్పుడు మా పిన్ని "గుర్తింపు సరే, డజనుకి రేటు ఎంత పెంచుతారట?" అని అడిగింది. ఆవిడ చేతిలో సన్నటి స్టీలు సూది, అంతకన్నా సన్నటి తెల్ల దారం. చూపు తిప్పకుండా మాట్లాడుతూ పువ్వు తర్వాత పువ్వు అల్లేది. ఆ పువ్వుల్ని ఇంకొకరి ఇంట్లో కలిపేవారు, దాన్ని అతుకు పని అనేవారు. బల్ల మీద పరిచేవి, పళ్ళేల కింద వేసేవి, అన్నీ చదునుగా ఉండేవే. ఒంటికి తొడిగేది మా వీధిలో ఎవరూ అల్లగా నేను చూడలేదు. అందుకే గొలుసు (మొదట వేసే ముడుల వరస), డబుల్ క్రోషే (ఎత్తుగా వచ్చే కుట్టు) కళ్ళు మూసుకుని వచ్చినా, స్వెటర్ అంటే మాత్రం చెయ్యి ఆడేది కాదు.

ఈ క్లాసులో నేర్పేది పైనుంచి కిందికి అల్లే పద్ధతి. మామూలుగా వెనక పలక, ముందు పలక, రెండు చేతులు విడివిడిగా అల్లి చివర్లో కుట్టి కలుపుతారు. కలిపాక గానీ పట్టిందో లేదో తెలియదు. ఇక్కడ మెడ చుట్టూ ఒక రింగు వేసి, నాలుగు మూలల్లో కుట్లు పెంచుకుంటూ చంకల దాకా దిగుతాం. ఆ నాలుగు మూలలే మెడ నుంచి చంకకి ఏటవాలుగా దిగే గీతలు. చంక దగ్గర చేతుల కుట్లని పక్కన వదిలేసి, ముందూ వెనకా కలిపి ఒంటిని గుండ్రంగా అల్లుకుంటూ పోతాం. తర్వాత వెనక్కి వచ్చి చేతులు. కుట్టి కలిపే పనే లేదు.

మొదటి రోజు మేడం హుక్కు ముట్టుకోనివ్వలేదు. టేపు తీసి ఒక్కొక్కరినీ లోపలి గదిలోకి పిలిచి కొలతలు తీశారు. ఛాతీ, జబ్బ, భుజం నుంచి చంక కింద దాకా లోతు, అన్నిటికన్నా ముందు తల చుట్టుకొలత. బ్లౌజులు కుట్టే వాళ్ళెవరూ తల కొలవరు కదా, అందరం నవ్వాం. "బటన్లు లేని స్వెటర్ తలలోంచే దిగాలి. క్రోషే గొలుసు సాగదు. మెడ బాగుందని బిగించి వేస్తే చెవుల దగ్గర ఆగుతుంది" అన్నారు.

ఇంటికి వెళ్ళి నమూనా ముక్క అల్లి తెమ్మన్నారు. ఆరు అంగుళాల చదరం అల్లి, మధ్యలో నాలుగు అంగుళాలు కొలిచి ఎన్ని కుట్లు, ఎన్ని వరసలు వచ్చాయో లెక్కపెట్టాలి, ఎందుకంటే అంచుల దగ్గర కుట్లు ఎప్పుడూ వంకరే. ఇది ఎక్కడైనా చెబుతారు. ఈవిడ చేయించే రెండో పని మాత్రం నేను వేరే చోట వినలేదు. ఆ ముక్కని ఉతికి, ఆరాక కొలిచి రాసుకుని, మళ్ళీ తీగ మీద వేలాడదీసి కింది అంచుకి నాలుగు బట్టల క్లిప్పులు తగిలించి రాత్రంతా వదిలేయాలి. పొద్దున్నే మళ్ళీ కొలవాలి. కాటన్‌కి బరువెక్కువ. పూర్తి స్వెటర్ తన బరువుకి తానే కిందికి సాగుతుంది, ఆ బరువుకి బదులే ఈ క్లిప్పులు. నా ముక్క పొడవులో పావు అంగుళం సాగింది. మా బ్యాచ్‌లో ఒకావిడ మెత్తగా ఉందని వెదురు కలిపిన నూలు తెచ్చారు, ఆవిడది అర అంగుళం పైనే సాగింది. ఆవిడ ఆ నూలు పక్కన పెట్టి వేరేది కొనుక్కున్నారు. ఐదొందల గ్రాములు అల్లాక తెలిసేది, ఒక చిన్న ముక్కతో తెలిసిపోయింది.

ఇక లెక్క. నేను ఈ క్లాసుకి అయిదు మార్కులు వేస్తే అందులో మూడు ఈ లెక్కకే. కొంచెం ఓపిగ్గా చదవండి, అల్లేవాళ్ళకి పనికొస్తుంది.

నాలుగు మిల్లీమీటర్ల హుక్కుతో, 8 ప్లై (మరీ సన్నం, మరీ మందం కాని) కాటన్‌తో నాకు నాలుగు అంగుళాల్లో 16 కుట్లు, 9 వరసలు వచ్చాయి. అంటే అంగుళానికి నాలుగు కుట్లు. మెడ 20 అంగుళాలు, అంటే 80 కుట్లు. వాటిలో మూలలకి నాలుగు తీసేస్తే 76. ముందుకి 28, వెనక్కి 28, చేతికి పదేసి. ఇంతవరకు ఏ పుస్తకంలోనైనా ఉండేదే. ఇప్పుడు ప్రతి మూలకీ అటొకటి ఇటొకటి, మొత్తం వరసకి ఎనిమిది కుట్లు పెంచుకుంటూ పొమ్మంటాయి దొరికే డిజైన్లు.

నా ఛాతీ 41, లూజు మూడు అంగుళాలు కలిపితే 44. అంటే 176 కుట్లు, ముందుకి 88, వెనక్కి 88. 28 దగ్గర మొదలుపెట్టాం, రెండు మూలల కుట్లు దానిలోనే కలుస్తాయి, చంక కింద కొత్తగా వేసే గొలుసు నుంచి ఎనిమిది వస్తాయి. అంటే 38. ఇంకా 50 కావాలి. వరసకి రెండు చొప్పున పెంచితే 25 వరసలు. అంగుళానికి రెండుంపావు వరసల చొప్పున చంక లోతు పదకొండు అంగుళాలు దాటుతుంది! నాకు కావలసింది తొమ్మిది. డబుల్ క్రోషే వరస ఎత్తుగా ఉంటుంది కాబట్టి వచ్చే తంటా ఇది. క్రోషే స్వెటర్ వేసుకుని చెయ్యి ఎత్తితే మొత్తం స్వెటర్ పైకి లేచి వచ్చేది ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. చంక బాగా కిందికి దిగిపోతే చెయ్యి ఒంటికి అతుక్కున్నట్టే.

తొమ్మిది అంగుళాలంటే 20 వరసలు. ఆ ఇరవైలో వరసకి రెండు చొప్పున 40 వస్తాయి, ఇంకా పది తక్కువ. కాబట్టి అయిదు వరసల్లో ముందూ వెనకా రెండేసి బదులు నాలుగేసి పెంచాలి. చేతులకి వేరే లెక్క. నా జబ్బ 14, లూజుతో 16, అంటే 64 కుట్లు. పది దగ్గర మొదలై, నలభై పెరిగి, చంక గొలుసు ఎనిమిది కలిస్తే 58. ఆరు తక్కువ. మూడు వరసల్లో చేతుల వైపు కూడా అదనంగా పెంచాలి. ఒంటికి అయిదు, చేతికి మూడు. రెండూ ఒకే వేగంతో పెరగక్కర్లేదు అన్న ఈ ఒక్క ముక్క తెలియకే ఇన్నేళ్ళూ ఎల్, ఎక్సెల్ మధ్య నలిగాను.

మా పక్కన కూర్చున్న డిగ్రీ అమ్మాయి సన్నగా, పొడుగ్గా ఉంటుంది. తనకి తిరగబడింది లెక్క. చేతులు తొందరగా నిండిపోయాయి. మేడం తనచేత కొన్ని వరసల్లో చేతుల వైపు పెంచడం ఆపించి, ఒంటి వైపు మాత్రమే పెంచించారు. ఆరుగురి కాయితాల మీద ఆరు రకాల లెక్కలు. జిరాక్స్ డిజైన్ ఒకటి అందరికీ పంచి "మీడియం వాళ్ళు ఎర్ర అంకెలు చూడండి" అనే క్లాసులకీ దీనికీ తేడా ఇదే. ఆది జాకెట్టు ఇచ్చి కుట్టించుకున్నట్టు ఉంటుంది, కాకపోతే ఇక్కడ ఆది మన ఒళ్ళే.

మెడ మొదలుపెట్టడంలో ఇంకో సంగతి. గొలుసు వేసి దానిలోకి కుట్లు వేయకుండా, గొలుసూ డబుల్ క్రోషే ఒకేసారి పుట్టేలా వేసే మొదటి వరస నేర్పారు. చేతికి రావడానికి ఒక సాయంత్రం పట్టింది కానీ అంచు కొంచెం సాగుతుంది, మెడ దగ్గర తాడులా కోసుకోదు. ఆ తర్వాత మెడ వెనక, భుజాల మీద మాత్రమే వచ్చి తిరిగిపోయే రెండు పొట్టి వరసలు. వీటితో వెనక మెడ ఒక అంగుళం దాకా పైకి లేస్తుంది. ఇవి లేని స్వెటర్‌కి ముందూ వెనకా తేడా ఉండదు, గొంతు దగ్గర ముందు వైపు నొక్కుతూ ఉంటుంది, రోజంతా వేలితో కిందికి లాక్కోవడమే.

నాకు బాగా నచ్చింది, వారం వారం వేసుకుని చూడటం. రెండు సూదుల అల్లికలో కుట్లన్నీ సూది మీదే నిలబడి ఉంటాయి, జారితే గోవిందా. క్రోషేలో తెరిచి ఉండేది ఒకే ఒక్క కుట్టు. దానికి పిన్నీసు పెడితే చాలు, ఎక్కడ ఆపితే అక్కడ తలలోంచి తొడుక్కుని అద్దం ముందు నిలబడొచ్చు. మేడం గదిలో ఆ అద్దం కోసమే ఒక గోద్రెజ్ బీరువా ఉంది. మూడో వారం నా స్వెటర్ సరిగ్గా పెద్ద కాలర్‌లా భుజాల మీద పడి ఉంది. మేడం చంక దగ్గర రెండు వేళ్ళు పెట్టి "ఇంకో రెండు వరసలు, అంతే, ఆపెయ్" అన్నారు. కాయితం మీద ఇరవై ఉంటే పద్దెనిమిదో దగ్గరే ఉన్నాను. లెక్కా ఒళ్ళూ ఒకటే మాట చెప్పాయి.

ఒంటి భాగం తేలిక. ప్రతి రౌండు చివరా కలిపి, తిప్పి, వెనక్కి అల్లాలి. తిప్పకుండా ఒకే దిక్కుగా తిరిగితే కలిపిన చోటు గీత మెల్లగా పక్కకి జరుగుతూ నడుము దగ్గరికి పొట్ట మీదికి వచ్చేస్తుంది. ఛాతీ నిండుగా ఉన్నవాళ్ళకి ముందు వైపు మాత్రం ఇంకో రెండు పొట్టి వరసలు వేయించారు, లేకపోతే ముందు అంచు పైకి లేచి కనిపిస్తుంది. ఇదంతా ఆవిడ ఏ మొహమాటమూ లేకుండా, ఏ వెటకారమూ లేకుండా చెబుతారు. ఒంటి గురించి మాట్లాడేటప్పుడు "లావు", "సన్నం" అన్న మాటలు ఆవిడ నోట నేను వినలేదు. అంకెలే.

ఇప్పుడు నచ్చనివి.

చేతులు ఆఖరి వారంలోకి నెట్టేశారు. అదే రోజు మెడ అంచు, దారాల కొసలు దాచడం, ఉతికి ఆకారానికి పరిచి ఆరబెట్టడం కూడా. చేతులే అసలు కష్టం. చంక దగ్గర నూలు కలిపేటప్పుడు రెండు వైపులా చిల్లులు పడతాయి, అక్కడ రెండేసి కుట్లు కలిపి మూయాలి. ఆ తర్వాత మూడు వరసలకోసారి రెండు కుట్లు తగ్గించుకుంటూ 64 నుంచి 48కి రావాలి. ఇవన్నీ ఒకే చెయ్యి మీద, హడావిడిగా. రెండో చెయ్యి ఇంటి దగ్గర మీరూ మీ దేవుడూ. చేతులకి ఇంకో వారం పెట్టి నాలుగొందలు ఎక్కువ తీసుకున్నా ఎవరూ వద్దనరు.

నోట్సు ఇవ్వరు. "రాసుకుంటేనే బుర్రకెక్కుతుంది" అంటారు. ఆవిడ గోడకి తగిలించిన తెల్ల బోర్డు మీద అంకెలు వేసి, మనం తలెత్తేలోపు తుడిచేస్తారు. ఫోన్‌తో ఫొటో తీస్తే ఊరుకుంటారు కానీ వీడియో ఒప్పుకోరు. పొట్టి వరసలు ఎక్కడ తిరగాలో ఒక చిన్న బొమ్మ గీసిన కాయితం ఇస్తే మేము ఆవిడకి చేసే ఫోన్లలో మూడు వంతులు తప్పుతాయి. ఫోన్ చేస్తే మాత్రం ఎత్తుతారు, అది ఒప్పుకోవాలి.

మా బ్యాచ్‌లో ఒకమ్మాయి ఎడమచేతి వాటం. మొదటి రోజు మేడం "కుడి చేత్తో ప్రయత్నించమ్మా, వచ్చేస్తుంది" అన్నారు. ఆ అమ్మాయి మొహం చూడాలి. రెండో వారానికి తనని ఎదురుగా కూర్చోబెట్టుకుని అద్దంలో చూసినట్టు అనుసరించమన్నారు, అప్పుడు కుదిరింది. ఆ ముక్క ముందే తట్టి ఉండాల్సింది.

ఖర్చు సంగతి. నూలు సికింద్రాబాద్ జనరల్ బజార్ వైపు కొన్నాను, వంద గ్రాముల ఉండ రెండొందల చిల్లర. ఆరు ఉండలు తెచ్చుకుంటే అయిదున్నర పట్టాయి. క్రోషే నూలు బాగా తింటుంది, రెండు సూదుల అల్లిక చూసి అంచనా వేయకండి. అన్ని ఉండలూ ఒకే లాట్ నంబరువి, అంటే ఒకే విడతలో రంగు వేసినవి, అడిగి తీసుకోండి. నేను వెళ్ళిన కొట్టతను "అదే రంగమ్మా, ఏం తేడా ఉండదు" అని వేరే లాటు ఉండ ఒకటి కలపబోయాడు. ట్యూబ్‌లైటు కింద తేడా ఉండదు, నిజమే. గుమ్మం దాకా పట్టుకెళ్ళి పగటి వెలుతురులో పక్కపక్కన పెడితే ఒకటి ఆవపువ్వు, ఇంకోటి పసుపు.

అంటే ఫీజు, నూలు కలిపి అయిదు వేలకి దగ్గర పడింది. దానిలో సగానికి మాల్‌లో స్వెటర్ వస్తుంది కదా అంటే వస్తుంది. కానీ మనుషులు అల్లినట్టు క్రోషే అల్లే యంత్రం బజార్లో లేదు. షాపులో అగ్గువకి వేలాడే క్రోషే టాప్ కూడా ఎక్కడో ఎవరో చేత్తో అల్లిందే. వాళ్ళకి ఎంత ముట్టిందో మా పిన్నిని చూసినదాన్ని కాబట్టి ఊహించుకోగలను. ఆ టాపుల్ని ఈ మధ్య బేరం ఆడబుద్ధి కావడం లేదు.

స్వెటర్ వేసుకుంటున్నాను. ఆవపువ్వు రంగు, ముప్పావు చేతులు. పై అరలోంచి ఫైలు తీసినా అంచు పైకి రావడం లేదు. ఉతికి వేలాడదీయకుండా తువ్వాలు మీద పరిచి ఆరబెడుతున్నా. ఒక లోటు చెప్పాలంటే డబుల్ క్రోషే సందుల్లోంచి లోపలి బట్ట కనిపిస్తుంది, కాటన్ కుర్తీ మీదకైతే బాగుంది, చీర మీదకి అంత నప్పలేదు. దట్టంగా కావాలంటే సింగిల్ క్రోషేతో, అంటే పొట్టి కుట్టుతో, అల్లాలి. అప్పుడు నూలూ ఎక్కువ, బరువూ ఎక్కువ, లెక్క కూడా మళ్ళీ మొదటి నుంచి.

ఇలాంటి క్లాసు ఏదైనా చూస్తే ముందు మూడు సంగతులు అడగండి. నమూనా ముక్క ఉతికిస్తారా, ఒంటికీ చేతులకీ వేరు వేరు లెక్క వేయిస్తారా, చేతులకి ఎన్ని క్లాసులు. మొదటి రెంటికి కాదంటే రెడీమేడ్ కొనుక్కోవడం నయం. గొలుసు, డబుల్ క్రోషే రానివాళ్ళని మల్కాజ్‌గిరి మేడం చేర్చుకోరు, ఇంటి దగ్గర రెండు అరచేతులంత ముక్క అల్లి చూపించమంటారు. తర్వాతి బ్యాచ్ సంక్రాంతి అయ్యాక. పాతవాళ్ళకి సగం ఫీజు. నేను ముందు బటన్లు వచ్చే కార్డిగన్‌కి పేరు ఇచ్చాను, దానికి తల కొలవక్కర్లేదట.